జానెడు పసుపు

పెబ్బేరు దగ్గర, నూనె కంపెనీ
మాఘమాసం, 1944

జములమ్మకు, నీ పెనిమిటి సీతారాములు రాసేది.

నేను బాగనే ఉన్న. నువ్వు, నాయిన బాగున్నరనుకుంట. ఈ చీటి నీకు తుకారాం పంతులే సదివి వినిపిస్తడు గద. పంతులూ, దండాలు. నాలుగో తరగతిల మీ బెత్తానికి భయపడి బడి గోడ దుంకి ఉరికినోన్ని, ఇయ్యాల నా సంసారం మాటలన్నీ మీ చేతులనే వచ్చి పడుతున్నయి. నవ్వుకోండ్రి. గని ఆమెకు సదివేటప్పుడు గొంతు మార్చొద్దు.

ఇక్కడి పని చెప్త. ఆముదాలు మిషన్ల పడి నూనెయితయి. నిరుడుదాంక ఆ నూనె గట్లనే పీపాలకెక్కేది. ఇప్పుడు లడాయికి గాలిమోటర్లల్ల పొయ్యాల్నంట, మడ్డి ఇంచుకంత ఉండొద్దంట. అందుకని సాఫుజేసే షెడ్డు కొత్తగ పెట్టిండ్రు. పెద్ద ఇనుప తొట్టిల నూనె కాగుతుంటది. సౌడు అసొంటి తెల్లటి మందు నీళ్లల్ల కలిపి దాంట్ల పోస్తరు. కాస్టిక్ అంటరు దాన్ని. మడ్డంత అడుక్కు దిగుతది, పైన నూనె బాయినీళ్ల లెక్క తేటగ నిలుస్తది. అడుగున ఉన్న సౌడునీళ్లను నల్ల తిప్పి బయటికి ఇడువాలె. ఆ నల్ల నా చేతిల పెట్టిండ్రు. రోజు దీపాలు పెట్టే యాళకు తిప్పుత. నీళ్లు కాలువ పడి పోయి వాగుల కలుస్తయి.

మగ్గం గుంటల కూసున్ననాడు నా కాళ్లు ఊకుండకపోయేటియి, నీకు తెల్సు. ఇక్కడ కాళ్లకు పని ఉంది. గని నల్ల కట్టేసినంక చేతులు ఊకె ఉంటయి. అప్పుడు మగ్గంల ఇటు అటు ఇసిరే నాడె యాదికొస్తది. నాడె ఒక్కటే కాదు. పంతులు సదువుతుండు, ఇంకేం రాయ.

అసలు సంగతి ఇది. కంపెనీ పెరుగుతదంట. ఇంకా రెండు తొట్లు లేపుతరు, దసరాకల్ల పనోల్లకు పెంకుటిండ్లు కడతరు, మనిషికొక అర్ర. మేనేజరు నేల మీద సున్నంతోని గీతలు గీయించిండు. "మొదటి గది నీదేనోయ్ సీతారాములూ, నల్ల దగ్గర ఉండేవాడివి గదా" అన్నడు. ఆయన బెజవాడ దిక్కు మనిషి. నేను ఆ గీతల నడుమ అడుగులేసి కొలిచిన. పదకొండు ఇటు, తొమ్మిది అటు. కిటికీ కాడ గుంట మగ్గం పడతది. నువ్వు నేస్తుంటె నేను నల్ల కాడికెల్లి సూడొచ్చు.

నీ పెనిమిటి
సీతారాములు

గద్వాల
ఫాల్గుణమాసం

చిరంజీవి సీతారాములుకు ఆశీస్సులు. నీ భార్య తన నోటితో నీ పేరు చెప్పదు కనుక ఈ పై మాట నేను రాసుకున్నాను. ఇక్కడినుంచి ఆమె చెప్పేది చెప్పినట్టు రాస్తున్నాను. — తుకారాం.

ఏమయ్యా,

చీటి అందింది. మూడుసార్లు సదివించుకున్న. మూడోసారి పంతులు, "అమ్మా, నాకు నోటికొచ్చింది, ఇంటికిపోయి పండుకొని చెప్త" అన్నడు.

మామ బాగుండు. కండ్లకు పోగు ఆనుతలేదు, మోకాళ్లు గుంటల దిగనిస్తలేవు. నేనే నేస్తున్న. నూలు దొరుకుడే కష్టమైంది, రంగులైతె లేనే లేవు. లడాయి మొదలైనకాంచి ఆ డబ్బాలు రాలేదంట. అందుకని ఈ చీరకు నూలంత పసుపుల ముంచి ఆరేసిన. అంచుకు ఎర్రపట్టు పాతది ఇంత ఉండె, అది ఏసిన. ఒళ్లంత పసుపు. పడుగెక్కిచ్చి వారమైంది.

పడుగెక్కిచ్చిన్నాడు మగ్గానికొక పసుపు పోగు, నేసేటోని చేతికొక పోగు కడుతం గద. చీర కోసేదాంక ఇప్పొద్దు. ఇప్పుడు నేసేది నేనాయె, నా చేతికే కట్టుకోవాలె. గని మనసొప్పలే. మగ్గం నీది. పది పోగులు పెనేసి ఈ చీటిల పెడుతున్న. కుడిచేతికి కట్టుకో. ఎవలు కట్టినా నేనే కట్టిన్ననుకో. చీర కోసిన్నాడు చీటి రాస్త, అప్పుడిప్పు.

ఆ అర్రకు తలుపు ఏ దిక్కున్నది? రాయలేదు నువ్వు. పొద్దుటెండ కిటికీలకెల్లి వస్తెనే పోగు కనపడతది. వాగు చప్పుడు లోపలికి ఇనపడతదా? నేను ఎన్నడు నీళ్ల పక్కన పండుకోలే.

నువ్వు తొట్టి కాడ జర పైలం.

(నేను గొంతు మార్చలేదు, సీతారాములూ. కానీ నువ్వు "నాడె ఒక్కటే కాదు" అన్న చోట ఆమె లేచి పొయ్యిలో కట్టె ఎగదోయడానికి పోయింది. పొయ్యి వెలిగించి లేదు. — తు.)

నూనె కంపెనీ
ఫాల్గుణం చివర

జములమ్మకు,

నేను బాగున్న. తలుపు తూర్పుకే. గుమాస్త పక్కన నిలబడి తొందర జేస్తుండు, చీట్లన్ని ఆయనే సూసి టప్పాకేస్తడు.

నువ్వు పంపిన దారం రంగు మారింది. అది ఇప్పి ఈ చీటిల పెడుతున్న, సూడు. ఇంకో నాలుగు పంపు. ఎందుకో ఎదురుంగ చెప్త.

సీతారాములు

గద్వాల
చైత్రమాసం

ఏమయ్యా,

దారం సూసిన. మామకు సూపియ్యలే. పక్కింటి జోగులమ్మకు సూపిచ్చిన, ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

పసుపు ఎర్రగ ఎప్పుడైతదో నాకు తెల్వదా? సున్నం తగిలితెనే అయితది. పసుపుల సున్నం కలిపి మేము పారాణి జేసుకుంటం, పెండ్లినాడు నా కాళ్లకు పెట్టిన్నది అదే ఎరుపు. నీ చేతి దారానికి ఆ పారాణి యాడికెల్లి అంటింది? ఎవరి కాళ్లు పట్టుకున్నవయ్యా? నల్ల తిప్పుడు పని అన్నవు. నల్లకు గజ్జెలు ఉంటయా?

చీర కోసేదాంక ఇప్పొద్దంటి. ఇప్పి పంపినవు. నేనేమన్న కోసిన్ననా? ఇంకా సగం గూడ కాలే. పైకెల్లి ఇంకో నాలుగు పంపాల్నట! ఎంతమందికి కట్టేది ఉందో లెక్క రాస్తివి కావు.

రెండు ముక్కలు రాసినవు. అర్ర ముచ్చట ఒక్కటి లేదు. తలుపు తూర్పుకట. ఎవలికోసమో ఆ తలుపు.

దారాలు లేవు. నూలుకు కరువు.

(సీతారాములూ, ఈ కింది మాటలు ఆమెకు చదివి వినిపించలేదు. నీకు అక్షరాలు దిద్దించినవాణ్ణి నేను. నీ అక్షరం కుడికి పరుగెత్తుతుంది, నీలాగే. పోయిన ఉత్తరంలో అక్షరాలన్నీ ఎడమకు వాలి ఉన్నాయి. అది ఎడమచేత్తో రాసిన ఉత్తరం. నీ కుడిచేతికి ఏమైంది? ఇంకొక మాట. ఆ దారాన్ని ఆమె వాకిట్లోకి విసిరికొట్టింది. నేను చెప్పులు తొడుక్కుంటుంటే వంగి వెతుక్కుంటూ ఉంది. — తు.)

నూనె కంపెనీ
చైత్రం చివర

జములమ్మకు,

ఈ చీటి టప్పాల రాలే. వీపనగండ్ల సాయన్న అని, పశువుల యాపారం జేస్తడు. పుట్టెక్కి కృష్ణ దాటి గద్వాలకు వస్తుండు, ఆయన చేతికిచ్చిన. గుమాస్త కంట్లె పడొద్దు. పంతులూ, ఇది అంత సదవండ్రి, చెయ్యి సంగతి గూడ. దాసిపెట్టింది నా తప్పు.

పారాణి ముచ్చటకు శాన నవ్విన. నవ్వినంక ఏడుపొచ్చింది. ఇక్కడ ఆడమనిషి అంటె పెంటమ్మ ఒక్కతే, అరవై ఏండ్లుంటయి, వాగొడ్డున గడ్డి కోసి కంపెనీ ఎడ్లకు ఏస్తది. నువ్వు పారాణి అన్నవని చెప్పిన. "నా కాళ్లకు తోలే లేదు కొడుకా, పారాణి యాడ పెట్టుకుందు" అన్నది. ఆమె మాట మల్ల చెప్త.

నీ దారం కట్టుకున్న మూడోనాడు నల్ల మూతి ఊడింది. సౌడునీళ్లు చెయ్యి మీద చిమ్మినయి. కుడిచెయ్యి రెండు వేళ్లు, మణికట్టు తోలు లేచింది. చేతికి తొడుక్కునే గుడ్డ గూడ లేదు ఇక్కడ, కడుక్కోనీకె పక్కన కుండెడు నీళ్లు లేవు. ఉరికి బాయి కాడికి పోయేసరికి పుండై మండింది. దారం ఎర్రగుండె. నెత్తురనుకున్న. కడిగితె పోలే.

అప్పుడు ఇప్పలే. తింటుంటె చింతపులుసు చేతి మీద కారింది. దారం కారినకాడల్ల మల్ల పసుపైంది. బువ్వ ఇడిసిపెట్టి సూసుకుంట కూసున్న. సున్నం అసొంటిదే ఈ కాస్టిక్, పులుపు తగిలితె ఇరుగుతది అని అప్పుడు ఎరికైంది.

సెలవునాడు పుండు కడుగుదమని వాగుకు పోయిన. కంపెనీ కాడ కాదు, అర్ధకోసు కిందికి, పెబ్బేరు సంతకు పోయే పశువులు దాటే రేవు కాడికి. వాగు ఎండింది, మడుగులే ఉన్నయి. చెయ్యి ముంచిన. మండింది. దారం ఎర్రగైంది. జములమ్మా, అక్కడ కంపెనీ లేదు, తొట్టి లేదు. వాగే ఉంది.

అప్పుడే నీ దారం ఇప్పిన. చేతికుంచితె పులుసు తగిలి మల్ల పసుపైతది, ఎవలు నమ్మరు. నువ్వన్న సూస్తవని పంపిన. నువ్వు పారాణి సూసినవు.

రెండు నెలలకాంచి ఆ రేవుల తాగిన పశువులకు మూతులు పగులుతున్నయి. సాయన్నది ఈనమోపు బర్రె సచ్చింది. పెంటమ్మ అరికాళ్ల తోలు ఊడింది. ఊరోల్లు అమ్మవారికి కోపమొచ్చిందని యాపకొమ్మలు కట్టిండ్రు, కోడిని కోసిండ్రు. పెంటమ్మ ఆ కాళ్లతోనే గుడి సుట్టు తిరిగింది. అమ్మవారు కాదు. నేను. దీపాలు పెట్టే యాళకు రోజు నేనే తిప్పుత గద.

మేనేజరుకు చెప్పిన. "వాగులో పోసింది వాగే కడుగుతుందోయ్. వానలొస్తే నీ పసుపూ ఉండదు, నా కాస్టిక్కూ ఉండదు" అన్నడు. జ్యేష్ఠంల పెద్ద అధికారి వస్తుండు, సంత సూసి, కంపెనీ సూసి, కొత్త తొట్లకు ఒప్పుదల ఇస్తడంట. ఆయనొచ్చే ముందునాడు మాపటికి నల్ల తిప్పొద్దన్నడు. తరువాత నెమ్మదిగ అన్నడు, "నీ గది పునాది రేపే తీయిస్తా. నోరు పైలం."

పునాది తీసిండ్రు. నీ కిటికీ కాడ మోకాలి లోతు ఉంది.

నేను నోరు తెరిస్తె ఆ అర్ర లేదు. తెరువకపోతె వానలు పడినంక ఎవలికీ ఏమీ కనపడదు, తొట్లు మూడైతయి. బడి ఇడిసిన, మగ్గం ఇడిసిన, ఏదీ నిలబెట్టుకోలే అని నాయిన అంటుంటడు. ఈ అర్ర ఒక్కటి నీకు నిలబెడదమనుకున్న. నువ్వు ఊకో అంటె ఊకుంట. ఏదో ఒకటి చెప్పు.

సీతారాములు

గద్వాల
వైశాఖమాసం

ఏమయ్యా,

చీటి సదివినంక నాలుగొద్దులు పంతుల్ని పిలువలే. ఆయనే రెండుసార్లు వచ్చి అరుగు మీద కూసొని పోయిండు.

ముందుగాల ఇది చెప్పు. ఆ రెండు వేళ్లు వంగుతయా? నాడె ఇసిరితె అందుకుంటయా? దాసిపెట్టకు. నీ చెయ్యి నీ ఒక్కనిది కాదు.

అర్ర కావాల్నా వద్దా అని నన్నడుగుతున్నవు. మాఘంలకెల్లి నేను ఆ అర్ర రోజు ఊడుస్తున్న. పదకొండు అడుగులు, తొమ్మిది అడుగులు. ఈ ఇంట్ల గూడ నడిచి సూసుకున్న. ఉట్టి యాడ కట్టాలె, నీళ్ల కుండ యాడ పెట్టాలె, నువ్వు నల్ల కట్టేసి వస్తె కాళ్లు యాడ కడుక్కోవాలె, అన్ని పెట్టుకున్న. మొన్న ఊడుస్తుంటె నీ కాళ్లు కడిగే కాడ పెంటమ్మ వచ్చి నిలబడ్డది. నేను ఆమెను ఎన్నడు సూడలే. గని కాళ్లు కనపడ్డయి. మల్ల ఊడవలేకపోయిన.

నువ్వు నోరు తెరువొద్దు. నోటి మాటను మేనేజరు కొట్టేస్తడు. ఈ చీటితోని సాయన్న చేతికే దారం ఇస్తున్న.

ఒకని చేతికి దారం ఎర్రగైతె పారాణి అంటరు, నేను అనలేదా? ఊరందరి పశువులకు ఎర్రగైతె ఏమంటరో సూద్దం. రేవు దాటే పశువు ముందరికాలికి మూడు సుట్లు కట్టు. ఇంకో దిక్కుకెల్లి సంతకొచ్చే పశువులకు గూడ కట్టు. ఎవలికి ఎర్రగైందో, ఎవలికి పసుపున్నదో ఆ అధికారికి కండ్లుంటయి గద. సాయన్నను పట్టుకో, పశువులోల్ల మాట పశువులోల్లు ఇంటరు.

నూలు సుట్ట, చిలప నిండా ఉంది. మిగులు నూలే, నాకు దాంతోని పని లేదు. చీర ఇంకా జానెడు ఉంది.

నీ చేతికి వేరే పోగు పెట్టిన. అది ఇప్పితె ఊకోను.

(సీతారాములూ, ఆమె అబద్ధం చెప్పింది. అది మిగులు నూలు కాదు. ఆ చీరకు మిగిలిన జానెడూ నేయడానికి ఉంచుకున్న పేక అదే. ఇప్పుడు నూలు ఎక్కడా దొరకదు, ఆ జానెడు అలాగే ఆగిపోతుంది. మీ నాన్న అనంతయ్య చూసి, "ఆవుల కాళ్లకు కట్టనీకె నేసినమా ఇన్నేండ్లు?" అని అరిచాడు. తరువాత చిలప చిక్కు తీయడానికి తానే కూర్చున్నాడు. ఈ సంగతి నీకు చెప్పవద్దని ఆమె నాచేత ఒట్టు వేయించుకుంది. నేను వేశాను. — తు.)

నూనె కంపెనీ
జ్యేష్ఠమాసం

జములమ్మకు,

పంతులు ఒట్టు తప్పిండు, తిట్టకు. చిలప చేతుల పట్టుకొని పొద్దంత కూసున్న. తిప్పి పంపుదమనుకున్న. సాయన్న వచ్చి, "ఏందిరా, పెండ్లాం పంపిన నూలు వాసన సూసుకుంట కూసున్నవు?" అన్నడు. నిజమే, పసుపు వాసన, మన ఇంటి వాసన. చెప్పిన సంగతంత. ఆయన పోయి కత్తి తెచ్చిండు. చిలప కోసి, పది పోగులు పెనేసి దారాలు జేసినం.

సంతకు వారం ముందు మొదలువెట్టినం. కోడేరు దిక్కుకెల్లి వచ్చేటియి వాగు తాకవు, వాటికి సాయన్న తోటి యాపారి భీమన్న కట్టిండు. రేవు కాడ సాయన్న, పెంటమ్మ. కొందరు తిట్టిండ్రు. "ఏం మొక్కు అవ్వా?" అని అడిగితె, "నా కాళ్ల మొక్కు" అనేది పెంటమ్మ. నూటపది పశువులకైనయి.

సంతకు ముందునాడు మాపటికి నేను నల్ల తిప్పలే, మేనేజరు చెప్పినట్టే. తెల్లారి అధికారి సంతకొచ్చిండు. ముసలాయన, గొడుగు కింద నడుచుకుంట ఎడ్ల పండ్లు సూస్తుండు. ఒక కోడె కాలికి ఎర్ర దారం. పక్కదానికి గూడ ఎర్ర దారం. ఇంకొంచెం పోతె పసుపు దారం. నిలబడ్డడు.

"ఏం గుర్తులివి? యాపారమా?" అని అడిగిండు.

సాయన్న అన్నడు, "అన్ని పసుపే కట్టినం దొరా. వాగు దాటినయి ఎర్రగైనయి. దాటనియి గట్లనే ఉన్నయి."

మేనేజరు నవ్విండు. "పల్లెటూరివాళ్లండీ. వాగులో ఎక్కడో సౌడుమన్ను ఉంటుంది, తగిలి ఉంటుంది" అన్నడు.

పెంటమ్మ గుంపుల నుంచి ముందుకొచ్చింది. "దొరా, మన్ను మీది నుంచి కింది దాంక ఒక్క తీరుగ ఉంటది. కంపెనీకి మీద ముంచు, కంపెనీకి కింద ముంచు. నేను చెప్తె నా నోరు పెద్దదంటరు, మీరే ముంచుండ్రి" అని రెండు దారాలు చేతిల పెట్టింది. ఆయన ఆమె కాళ్లు సూసిండు. శానసేపు సూసిండు. గొడుగు పట్టేటోన్ని ఆపి, నడుచుకుంటనే వాగుకు పోయిండు. సంత సంతంత ఎనక పోయినం. మీద ముంచిన దారం పసుపుగనే ఉండె. కింద ముంచింది ఆయన చేతిలనే ఎర్రగైంది. నల్ల ఒక్క పూట కట్టేస్తె మడుగుల నీళ్లు మంచిగయితయా?

"ఈ నీళ్లు ఎవరు వదులుతున్నరు?" అని అడిగిండు.

మేనేజరు నా దిక్కు సూసిండు. నేను ముందలకొచ్చిన. "నల్ల తిప్పేది నేను దొరా" అన్న. కుడిచెయ్యి సూపిచ్చిన.

ఒప్పుదల ఇయ్యలే. సౌడునీళ్లకు వాగుకు దూరంగ రాతి గుంటలు కట్టాలె, అందుల్నే ఎండిపోవాలె, పనోల్లకు చేతి గుడ్డలు, నల్ల కాడ నీళ్ల తొట్టి పెట్టాలె, అప్పటిదాంక సాఫుజేసే షెడ్డుకు తాళం అని రాసిచ్చి పోయిండు. మేనేజరు నన్ను పిలిచి, "నీ గది నువ్వే పూడ్చుకున్నావోయ్" అన్నడు. ఆ దినమే పునాది పూడ్పించిండు. మన్ను పోసి తొక్కుతుంటె నేను సూసుకుంట నిలబడ్డ. కిటికీ ఉండాల్సిన కాడ.

కొలువు పోయింది. ఇంటికి రావచ్చు. గని గుంటలు తవ్వేదానికి కూలోల్లను పిలిచిండ్రు, నేను పేరు రాయించుకున్న. నేను ఇడిసిన నీళ్లకు నేనే గుంట తవ్వాలె. ఆ రాతి కట్టడం సక్కగైందని నా కండ్లతోని సూసినంకనే కదుల్త. ఎడమచేతితోని గడ్డపార పడుతున్న, కుడిచెయ్యి ఆసరా. వేళ్లు ఒకటి వంగుతది, ఒకటి జర మొండికేస్తది. నాడె అందుకుంటదో లేదో నువ్వే సూడాలె.

గుబులు ఒక్కటే. మీద వానలు మొదలైనయంట. కృష్ణ నిండితె పుట్టి నడువదు, దసరాదాంక ఆ ఒడ్డున నువ్వు, ఈ ఒడ్డున నేను. రోజు సాయన్నను అడుగుతున్న, నది ఎంతుంది అని.

నీ దారాలు ఏరిన. పశువుల కాళ్లకెల్లి ఒక్కొక్కటే ఇప్పిన. నూటపదిల డెబ్బైరెండు దొరికినయి, తక్కినయి యాడికి అమ్ముడువోయినయో. చింతపులుసుల నానబెట్టి, కడిగి ఆరేసిన. కొన్ని మల్ల పసుపైనయి, కొన్ని కాలే. సాయన్న చేతికి ఇస్తున్న. పేకకు పనికొస్తయేమో సూడు. జానెడుకు.

సీతారాములు

గద్వాల
ఆషాఢం మొదట్ల

ఏమయ్యా,

దారాలు ముట్టినయి. సాయన్న గడపల నిలబడి, "అమ్మా, ఇగో నీ పశువుల నగలు" అని ఇచ్చిండు. చల్ల పోసి పంపిన.

పది పోగుల పెన ఇప్పి, ఒక్కొక్క పోగు అతికి, కండెలకు సుట్టిన. మామ పక్కన కూసొని ముడులేసిండు, సూపు ఆనకున్నా ఆయన వేళ్లకు తెలుస్తది. డెబ్బైరెండిటిల ఎన్ని ముడులో లెక్కవెట్టలే. ఒకకాడ పసుపు, ఒకకాడ ఇటుక రంగు, ఒకకాడ రెండు కలిసి. ఆవు పేడ మరక గూడ ఒకటి ఉంది, కడిగినా పోలే. "గిసొంటి చీర ఎవడు కొంటడే?" అన్నడు మామ. అమ్మేటిది కాదు అన్న. ముసలాయన ఇంకో ముడి ఏసిండు.

అర్ర గురించి నువ్వు శాన రాయలే. నేను అడగ. మొదటిసారి పునాది పూడ్చిండ్రని సదివినప్పుడు బాయి కాడికి పోయి కూసున్న, అది నిజం. వచ్చి నేసిన. నేస్తుంటె నాడె చప్పుడుల నీ అడుగులు ఇనపడుతుంటయి, పదకొండు, తొమ్మిది. ఈ ఇల్లు అంతకంటె చిన్నది. సాలుతది.

గుంట కట్టినవా? రాయి నడుమ సున్నం మంచిగ పెట్టించు, కారొద్దు. అది అయినంకనే రా, నడుమల ఇడిసిపెట్టి రాకు. ముందుగాల ఇడిసినయన్ని సాలు.

గని కృష్ణల కొత్తనీళ్లు ఎర్రగొస్తున్నయని పుట్టోల్లు చెప్తుండ్రు. రెండు మూడొద్దులు నడిపిస్తరంట, ఆ తరువాత పుట్లు ఒడ్డుకెక్కిస్తరంట. నిన్న పోయి సూసొచ్చిన. అవతలి ఒడ్డు కనపడ్డది. మనిషిని గుర్తుపట్టేంత కాదు.

జానెడుల శానవరకు నేసిన. నూలు అయిపోయింది. నాలుగు వేళ్లంత పడుగు ఉత్తగ ఉంది. నువ్వు ఏరలేకపోయిన దారాల జాగ అది. ఇంకో నూలు పెట్టి నింపొచ్చు అని జోగులమ్మ అన్నది. నింప. గట్లనే కోసుకొని గట్లనే కట్టుకుంట. గని నేను కొయ్య. నీ చేతి దారం ఇప్పేదాంక చీర కోసేది లేదు, చీర కోసేదాంక దారం ఇప్పేది లేదు. అందుకని రెండూ ఒక్కకాడికి రావాలె. కత్తెర మగ్గం మీద పెట్టిన. నువ్వు

(సీతారాములూ, ఆమె "నువ్వు" అని ఆగి, లేచి, వాకిట్లోకి పోయింది. వాన కురుస్తోంది. తడిసిన మనిషి ఎవరో వీధిలో నిలబడి, "నాయినా" అని పిలిచాడు. ఆ గొంతు నాకు తెలుసు. నాలుగో తరగతిలో నా బడి గోడ దూకినవాడిది. మీ నాన్న "ఎవలు? ఎవలు?" అంటూ గోడ పట్టుకొని లేస్తున్నాడు. ఇక ఈ చీటీ ఎవరికి పంపాలో నాకు అర్థం కావడం లేదు. కలం మూసి, చెప్పులు తొడుక్కుని, అడ్డం లేకుండా దొడ్డిదారిన వెళ్లిపోతున్నాను. ఆమె నీ మణికట్టు పట్టుకొని చూస్తోంది. "గుంట కట్టుడు అయింది, కారదు" అంటున్నావు నువ్వు. దారం పసుపుగానే ఉంది. కత్తెర ఇంకా మగ్గం మీదనే ఉంది. — తు.)